నా పేజీలో థింసా

మా అమ్మ సంతోషమ్మ మా ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. బాప్తిస్మం తీసుకున్న రోజే, మా గిరిజనుల నాట్యం థింసా ఆడడం పాపమని మానేసింది. పండగకి ఊళ్లో డప్పు మోగితే మా ఇంట్లో తలుపులు వేసేస్తారు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు ఫిజిక్స్ వచ్చు, ప్రార్థన వచ్చు, థింసా మాత్రం ఒక్క అడుగు రాదు. ఈ సంగతి మా గైడ్ మేడమ్‌కి చెబితే వింటేగా!

బీఎడ్‌లో మాకు ఈ-పోర్ట్‌ఫోలియో అని ఒకటి పెట్టారు. చెప్పిన పాఠాలు, ఫొటోలు, వీడియోలు, వాటి వల్ల మనం నేర్చుకున్నది, అంతా యూనివర్సిటీ సైట్‌లో మన పేరు మీదున్న పేజీలో పెట్టాలి. రేపు ఉద్యోగాలిచ్చే స్కూళ్లు ఆ లింకే చూస్తాయట. మొదటి భాగం పేరు ‘నేనెవరు’. భూతద్దంతో కాగితం ఎలా అంటుకుంటుందో పిల్లలకి చెప్పిన పాఠం పెట్టాను. మేడమ్ వెనక్కి పంపింది. ఇందులో నువ్వెక్కడున్నావు సుజానా, మీ సంస్కృతి ఏదీ అంది. మళ్లీ రాశాను. మళ్లీ పంపింది. ఆవిడ ఆమోదిస్తేనే గానీ రెండో భాగం తెరుచుకోదు, గడువేమో ముంచుకొస్తోంది.

ఒళ్లు మండిపోయి, పక్కింటి గంగ చీర అడిగి తెచ్చుకుని మోకాళ్ల దాకా బిగించి కట్టాను. గంగా వాళ్లు ఆడుతుంటే వరస చివర చేరి ఫొటో దిగాను. ‘ఈ అడుగులు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను’ అని కింద రాసి పారేశాను. ఇక చూడాలి మేడమ్ సంబరం! ఆ పూటే ఆమోదించేసింది. ఆమోదించిన భాగానికి తాళం పడిపోతుంది, మనం మార్చలేం, తీయలేం. ఆ తర్వాత ప్రతి భాగం దానికి పొంతన కుదరాలంది. శబ్దం పాఠం చెబితే డప్పు రావాలి, బలం పాఠం చెబితే థింసా అడుగు రావాలి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని చదువు పూర్తి చేశాను.

అరకులో కొత్తగా పెట్టిన ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ టీచరు పోస్టుకి పిలుపొచ్చింది. అది వస్తే ఇంటి దగ్గరుండి నాకిష్టమైన పాఠం చెప్పుకుంటాను. రాకపోతే విశాఖ వెళ్లి ఏ బట్టల కొట్లోనో నిలబడాలి. అమ్మ తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చుంది.

కరస్పాండెంట్ వరహాలరావు గారు గోడకున్న పెద్ద టీవీలో నా పేజీ తెరిచారు. ఫిజిక్స్‌లో ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. మా వార్షికోత్సవానికి నీలాంటి అమ్మాయే కావాలమ్మా అన్నారు. అమ్మ వచ్చిందని తెలిసి, పిలవండి, కూతురి పేజీ చూసి మురిసిపోతుంది అన్నారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నేను నోరు తెరిచేలోగా ప్యూన్ తలుపు తీశాడు.

అమ్మ వచ్చి టీవీకేసి చూసింది. గంగ చీరని గుర్తుపట్టింది, అందులో ఉన్న నన్నూ గుర్తుపట్టింది. నావైపు మాత్రం తిరగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఈ అడుగులు మీరే నేర్పారటగా?” అన్నారు వరహాలరావు గారు.

కాదంటే నా పేజీ అబద్ధమని తేలిపోతుంది. ఉద్యోగమే కాదు, డిగ్రీ కూడా పోవచ్చు. మా అమ్మేమో, ఆట పట్టించడానికైనా అబద్ధమాడే మనిషి కాదు.

“నేనేనండి,” అంది అమ్మ.

అయితే తల్లీకూతుళ్లు రెండడుగులు వేసి చూపించమన్నారాయన, సరదాగానే. వీడియో తీసి నా పేజీకి పంపుతానని ఫోన్ పైకెత్తారు. అమ్మ చేతిసంచి కుర్చీలో పెట్టింది. నా వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి నడుం గట్టిగా పట్టుకుంది.

“నా మొకం సూడకు. నా కాలు సూసి ఎయ్యి. బేగి,” అంది, నాకొక్కదానికే వినపడేలా.

పాట లేదు, డప్పు లేదు. అమ్మ వంగింది, లేచింది, పక్కకి జరిగింది, నన్ను కూడా ఈడ్చుకుపోయింది. అమ్మ కాళ్లు ఒక్క అడుగూ మర్చిపోలేదు. ఎంత అందంగా ఆడుతుందో మా అమ్మ! అది చూడడం ఇదే మొదలు, అదీ ఈ రకంగా. గదిలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఉద్యోగం ఇచ్చారు, దాంతోపాటు స్కూలు థింసా బృందాన్నీ నాకే అప్పగించారు.

బస్సులో అమ్మ చెయ్యి పట్టుకుని తప్పయిపోయిందన్నాను.

“ఏటి సెయ్యమంటావే? ఆల ముందర నిన్నొగ్గెయ్యమంటావా?” అని కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో బల్లారాధన. రొట్టె పళ్లెం మా వరసకొచ్చింది. పాపం చేసి ఉన్నవాళ్లు ఆ రొట్టె ముట్టకూడదు. స్త్రీల సమాజం పెద్ద, మా అమ్మ, తీసుకోలేదు. పళ్లెం నా చేతికిచ్చి తల దించుకుంది. ముందు వరసలో సోములమ్మత్త మెడ తిప్పి మరీ చూస్తోంది. నేను కూడా తీసుకోకపోతే ఇద్దరికీ ఏమైందని అందరూ అడుగుతారు. నేను ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.