మంత్రిగారి బల్ల తిరిగిన దిక్కులు

నేను ఒక టేకు బల్లను. ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. ఢిల్లీలో ఒక కేంద్రమంత్రి గదిలో పందొమ్మిదేళ్లు తూర్పు ముఖంగా ఉన్నాను. బల్లకు అంతకన్నా కోరికలు ఉండవు.

తర్వాత సంకీర్ణ ప్రభుత్వాలు మొదలయ్యాయి. ప్రతి కొత్త మంత్రీ తన వాస్తు పండితుణ్ణి వెంట తెచ్చుకున్నాడు. మొదటి ఆయన నన్ను ఉత్తరానికి తిప్పించాడు, ప్రభుత్వం పడిపోయింది. రెండో ఆయన పడమరకు తిప్పించాడు, అదీ పడిపోయింది. మూడో ఆయన పండితుడు కొలతలు ముగించేలోపే ప్రభుత్వం లేదు.

నా సొరుగులో ఒక ఫైలు ఉండేది. ధాన్యానికి గోనె సంచులు కొనే ఆర్డరు అది. దాని మీద మంత్రి సంతకం పడితే విజయనగరం దగ్గర మూతపడ్డ జనపనార మిల్లు తెరుచుకుంటుంది. పదకొండు వందల మందికి మళ్లీ పని. సంతకం లేదు కనుక సంచులు లేవు. సంచులు లేక మార్కెట్ యార్డుల్లో గోధుమలు వానకు తడిశాయి. పిండి ధర పెరిగింది. ధర పెరిగిందని మద్దతిచ్చే పార్టీ అలిగింది. ప్రభుత్వం పడిపోయింది. కొత్త మంత్రి వచ్చాడు. నన్ను తిప్పారు.

మిల్లు కార్మికుల తరఫున పైడిరాజు ప్రతిసారీ రైలెక్కి వచ్చేవాడు.

"బాబూ, ఈ బల్ల ఏ పక్కకి తిరిగితే మా మిల్లు తెరుస్తారేటి?" అని అటెండరు వీరభద్రాన్ని అడిగేవాడు.

"బల్లదేముందయ్యా! ముందు ఆయన కూర్చోవాలి. ఆనక గదా సంతకం!"

నాలుగో మంత్రి తెలుగువాడే. ఆయన పండితుడు ఏకంగా గదినే మార్చమన్నాడు. నలుగురు నన్ను మోసుకెళ్తుంటే గుమ్మంలో ఇరుక్కున్నాను, సగం లోపల, సగం బయట. బరువు తగ్గిద్దామని సొరుగు ఖాళీ చేస్తే ఫైలు బయటపడింది. ఆ రోజూ వచ్చి వరండాలో కాచుకున్న పైడిరాజు దాన్ని నా మీద పరిచాడు.

"రేపు తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం. అప్పుడు చేస్తాలేవయ్యా," అన్నారు వరండాలో నిలబడ్డ మంత్రిగారు.

"రేపటికి తమరుంటారా బాబూ?" అన్నాడు పైడిరాజు. ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

మంత్రిగారు వీరభద్రం వంక చూశారు. వీరభద్రం గోడ వంక చూశాడు.

"పెన్నివ్వండి," అన్నారు మంత్రిగారు.

సంతకం మూడూ నలభైకి పడింది. మద్దతు ఉపసంహరణ లేఖ ఐదూ పదికి అందింది. నెల తర్వాత మిల్లు తెరిచారు. పైడిరాజు మళ్లీ ఢిల్లీ రాలేదు.

ఐదో మంత్రి పండితుడు నన్ను టేపుతో కొలిచి, ఇన్ని ప్రభుత్వాలు కూలడానికి కారణం ఈ బల్లేనని తేల్చాడు. నన్ను గోదాముకు పంపి, నా చోట రోజ్‌వుడ్ బల్ల వేయించారు. అది జరిగి ఏడు నెలలు.

నిన్న ఆ బల్లను తెచ్చి నా పక్కన దించారు.