నూకరత్నం చెయ్యి ఆపినదాన్ని

నేను ఒక కరెంటు డబ్బాను, అగ్గిపెట్టెకు అన్నలా ఉంటాను. ఎక్కడో దుమ్ము సోకని గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్ల చేతుల్లో పుట్టాను. విశాఖ హార్బర్లో చేపల వేలం వేసే గరికిన నూకరత్నం భుజం దిగువన, ఛాతీ చర్మం కింద కాపురం పెట్టాను. అక్కణ్ణుంచి నా తీగలు ఆవిడ మెదడు దాకా పోతాయి. వణుకుడు జబ్బు వచ్చాక ఆవిడ కొంగుకింద దాచుకు తిరిగే కుడిచేతిని నిలపడం నా ఉద్యోగం.

నిలిపాను. ఆసుపత్రిలో నీళ్ల గ్లాసు పట్టుకుంటే చుక్క తొణకలేదు. కొడుకు సింహాద్రి చప్పట్లు కొట్టాడు. నేను పొంగిపోయాను.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మకోసం అడిగేవాడు కొడుకు. వెళ్లిన ప్రతిసారీ, "ఎలా ఉందమ్మా?" అని డాక్టరు ఆవిణ్ణి అడిగితే, "ఇంకా కొద్దిగా వణుకుతందండీ" అని సింహాద్రి చెప్పేవాడు. డాక్టరు చేతిలోని తెరమీద వేలు కదిపి నా కరెంటు ఇంకాస్త పెంచేవాడు. చెయ్యి బొమ్మలా నిలిచింది, నాలుక మొద్దుబారింది.

ఒక పొద్దున వేలంలో "కోనెం" అని చేప పేరు పిలవబోతే మాట ముద్దగా జారింది. పడవ యజమాని ఎర్రయ్య, చెవిలో ఏదో చెప్పేవాడిలా వంగి ఆవిడ నోటి వాసన చూశాడు. వేలం ఇంకొకరికి అప్పగించాడు. ఆవిడేమో కల్లు పేరెత్తితేనే మండిపడే మనిషి! ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో పక్కనే ఉన్న నాకు తెలుసు. సిగ్గుతో నాకే చచ్చిపోవాలనిపించింది. చావు కూడా నా చేతిలో లేదాయె.

తర్వాతిసారి ఆసుపత్రిలో సింహాద్రి నోరు తెరవబోతే ఆవిడ కసిరింది. నీళ్ల గ్లాసు ఎత్తి, దాన్నే వేలానికి పెట్టింది. "గ్లాసు... నూరు... నూట..." మాటలు బురదలో కాళ్లలా దిగబడ్డాయి. డాక్టరు ముఖం మారింది.

"కరెంటు తగ్గిస్తే చెయ్యి మళ్లీ వణుకుతుందమ్మా."

ఆవిడ ఒక్కొక్క మాటే కూడదీసుకుంది. "వణకనీ బావూ. సెయ్యి వణికితే జబ్బంతారు. నోరు తడబడితే తాగిందంతారు."

తగ్గించాడు. కాసేపటికి గ్లాసులో నీళ్లు ఆవిడ చీరమీద ఒలికాయి. "నూరు! నూటపది!" గది దద్దరిల్లింది. నర్సు కంగారుపడి "నూటఇరవై" అనేసింది.

మర్నాడు హార్బర్లో ఆవిడ ఎవరినీ అడక్కుండానే తట్టల ముందు నిలబడింది. కొంగులోంచి వణికే చెయ్యి బయటికి తీసి, ఎర్రయ్య ముఖం ముందే ఊపుతూ వేలం మొదలెట్టింది. అతను తలొంచుకున్నాడు.

ఇప్పుడు నాది సగం కొలువే. ఆవిడకు అదే చాలట. అప్పుడప్పుడు, తప్పుచేసిన బిడ్డను తడిమినట్టు నన్ను తడుముతుంది. ఆ చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఆవిడ వదిలేసిన ఆ కొంగేదో నాకిస్తే బాగుండును, ముఖం దాచుకుందును.