ఓనరుగారి మాట

అద్దం తలుపు తెరుచుకున్నప్పుడల్లా పెద్దాయన గుండె గుభేలుమంటోంది. ఎవరి పాదమో కొలుస్తూ మోకాళ్ల మీద ఉంటాడు. ముందు చెయ్యి ఆగుతుంది, తర్వాత తల తిరుగుతుంది. ఆవిడ కాదు. మళ్లీ పనిలో పడతాడు.

సొంత చెప్పుల కొట్టు మూతపడ్డాక యాభై దాటినవాడికి పనెవరిస్తారు? ఈ పెద్ద షోరూము ఇచ్చింది. నీలం చొక్కా తొడిగి, కొడుకు వయసు మేనేజరును "సార్" అనమంది. అన్నాడు. ఓడలు బళ్లవుతాయి, అందులో వింతేముంది? చిక్కల్లా నోటితోనే వచ్చింది. చొక్కా మారినంత తేలిగ్గా నోరు మారలేదు. పోయిన వారం ఒక ముసలావిడకు బూట్లు తొడిగి, "కరిస్తే తెచ్చెయ్యండమ్మా, మార్చిస్తాను. పూచీ నాది" అనేశాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చెప్పులమ్మేవాడికి ఒకరు చెప్పాలా?

"ఆవిడొస్తే గోడౌన్లోకి పోయి కూర్చోండి" అంది భార్య పొద్దున. "మిమ్మల్ని మళ్లీ అలా చూడలేను."

కొట్టు పోయాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని చూసిందామె. అతనికీ ఆ గోడంటేనే భయం.

మధ్యాహ్నం ఆవిడ కుంటుకుంటూ వచ్చింది. పెద్దాయన అరల వెనక్కి తప్పుకున్నాడు.

"మారుస్తామని ఎవరు చెప్పారండీ?" అన్నాడు మేనేజరు.

"ఓనరుగారే చెప్పారు బాబూ."

"ఆయన ఇటు రారమ్మా. మీకు చెప్పిన మనిషెలా ఉంటాడు?"

"నాకు చూపు ఆనదు నాయనా. ఓనరు కాకపోతే అంత ధీమాగా ఎవరంటారు?"

ఊరుకుంటే గండం గడిచినట్టే. ఊరుకుందామనే అనుకున్నాడు పెద్దాయన. కానీ ఆవిడ మడమకు చుట్టుకున్న గుడ్డముక్క కంటబడింది.

"అన్నది నేనే సార్" అంటూ ఇవతలికొచ్చాడు.

"మీరెవరండీ మాటివ్వడానికి?"

కొత్త జత ఖరీదు తన జీతంలో పట్టుకోమన్నాడు పెద్దాయన. మెత్తని బూట్లు ఏరి తెచ్చి, ఆవిడను కూర్చోబెట్టాడు. తన కొట్టు నుంచి తెచ్చుకున్న ఇత్తడి బద్దను జేబులోంచి తీసి, మడమ వెనక పెట్టి, నొప్పి తెలియకుండా పాదాన్ని లోపలికి జార్చాడు.

"కరుస్తోందా అమ్మా?"

"లేదు నాయనా. మీ కొట్టు చల్లగా ఉండాలి."

ఆవిడ వెళ్లాక మేనేజరు గొంతు పెంచలేదు. రేపట్నుంచి రావద్దన్నాడు, అంతే. పెద్దాయన నీలం చొక్కా విప్పి ఇచ్చేశాడు. వీధిలోకి వచ్చి, ఇంటిదారి పట్టడానికి భయపడి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం షోరూము ఊడ్చే కుర్రాడికి ఆవిడ కూర్చున్న కుర్చీ కింద ఇత్తడి బద్ద కనిపించింది. బొటనవేలు ఆనేచోట అరిగి పల్చబడి ఉంది.