మూత తీసిన వాసన

మూత తీయగానే తియ్యటి వాసన.

మాగి మాగి, తొడిమ దగ్గర కుళ్ళబోయే పండు వాసన. కళ్ళలోకి ఎక్కేది. నుదుటి వెనక గూడు కట్టుకునేది.

చెప్పుల ఫ్యాక్టరీలో అడుగు అట్టలకు జిగురు పూసే బల్ల ఆమెది. ఎడమ చేతిలో అట్ట, కుడి చేతిలో కుంచె. ఒక్క విసురు — అంచు దాటదు. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. గాలి తగిలితే జిగురు ఆరిపోతుందట.

ఇంట్లో ఐదు నెలల చంటిది.

చేరిన రోజే అడిగింది. "పాలిచ్చేదాన్ని వదినా, ఏం కాదు కదా?"

వదిన — మొగుడికి స్వయానా అక్క, ఆ గదికి సూపర్‌వైజరు — పకపకా నవ్వింది.

"ఇద్దర్ని ఈ బల్ల దగ్గరే పెంచానే తల్లీ! గుండ్రాళ్ళలా లేరూ? రెండు వారాలు తల నొస్తుంది. తర్వాత వాసనే తెలీదు, పో."

నిజమే. రెండు వారాలకు వాసన పోయింది.

పనిలో చేరిన మూడో నెలలో... చంటిది మొహం తిప్పుకుంది.

ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంది. దగ్గరికి తీసుకుంటే ముక్కు చిట్లిస్తుంది. తల వెనక్కి విరుస్తుంది. తాగితే రెండు గుక్కలు. ఆపైన ఒకటే మగత.

"పళ్ళొస్తున్నాయేమోలే," అంది అత్త.

"గారాబం," అన్నాడు మొగుడు.

చిన్నప్పుడు పుట్టింట్లో ఒక దూడ ఇలాగే పొదుగు వదిలేసింది. నాన్న దూడను కసరలేదు. కర్ర పట్టుకుని, ఆవు ఏ పిచ్చిమొక్క మేసిందోనని గట్టంతా వెతకడానికి వెళ్ళాడు.

గట్టంతా...

ఒకరోజు టేపు తెమ్మని అట్టపెట్టెల గదికి పంపారు. పెట్టెల దొంతర వెనక, గోడకు ఒక కాగితం. పసుపెక్కిన అంచులు. పైన సాలెగూడు.

కూడబలుక్కుని చదివింది.

పాలిచ్చే తల్లులకు జిగురు గదిలో పని ఇవ్వరాదు. పాలు మాన్పించేవరకు పెట్టెల గదిలోనే పని. జీతం అదే.

కింద, అలా మారినవాళ్ళ పేర్లు.

మొదటి పేరు వదినది.

మూడేళ్ళ తేడాతో... మళ్ళీ వదినదే.

చిరగకుండా ఊడదీసింది. తీసుకెళ్ళి వదిన ముందు పరిచింది. వదిన కాగితం వంక చూడలేదు. ఆగిపోయిన బల్ల వంక చూసింది.

"నీ చెయ్యాడినట్టు ఇంకెవరికి ఆడుతుందే? నిన్ను తీస్తే లైనంతా కూలబడుతుంది. పైవాళ్ళు నా పీక మీద కూర్చుంటారు."

"చంటిదానికి మేనత్తవి వదినా నువ్వు."

"అడిగుంటే చెప్పేదాన్ని కదా..."

"అడిగాను. చేరిన రోజే."

వదిన చెయ్యి చాచింది.

"ఆ కాగితం ఇటివ్వు," అంది, మెల్లగా.

ఇవ్వలేదు. కొంగున ముడేసుకుంది.

సాయంత్రం రెండుసార్లు సబ్బు రుద్దుకుంది. చీర మార్చింది. గోళ్ళ సందులు కూడా కడిగింది. చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రొమ్ములు రాళ్ళయి ఉన్నాయి.

వేలి మీద ఒక పాలచుక్క.

వాసన చూసింది.

ఏమీ లేదు.

వేలు, జుట్టు, చీర చెంగు — ఏమీ లేదు. సొంత పాల వాసన కూడా తెలియని ముక్కు...

గోడ అవతల, పక్క వాటాలోంచి వదిన గొంతు. "నా మేనకోడలు పాలు తాగిందా?"



చంటిది మొహం దగ్గరికి తెచ్చింది. ఆగింది. చిన్ని ముక్కుపుటాలు అదిరాయి — జిగురు మూత తీసిన మొదటి రోజు తల్లివి అదిరినట్టే.