పిట్టగోడ అవతలి మిరప

“ఒరేయ్ అక్షయ్! పూలొచ్చినయ్, ఉరికి రా!”

పక్కింటి మిద్దె మీంచి రచన కేక వినగానే అక్షయ్ చాయ్ గ్లాసు వదిలేసి మెట్లెక్కాడు. వెనకే కీర్తిప్రియ. పెళ్లినాటి గోరింటాకు ఆమె గోళ్ల మీద ఇంకా పోలేదు. అతనెటు పోతే ఆమె అటే.

పిట్టగోడ అవతల రచన మిరప మొక్క తెల్లటి పూలతో మెరుస్తోంది. ఇవతల, అదే రోజు నాటిన కీర్తిప్రియ మొక్క పసుపు మొహం వేసుకుని నిలబడింది.

“నా చేతిల బరకత్ మస్తుంది. చూసినవారా?” అంది రచన. అక్షయ్, ఆమె చిన్నప్పటి నుంచీ ఇరుగుపొరుగు. ఆ ‘రా’ విన్నప్పుడల్లా కీర్తిప్రియకు కడుపు మండిపోతుంది.

అక్షయ్ జల్‌పల్లిలోని ఓ ఎరువుల కంపెనీలో కెమిస్టు. యూరియా గింజ నీళ్లు తగలగానే కరిగిపోతుంది. అందులోని నత్రజని చాలావరకు వేరుకు అందకుండానే పోతుంది. అందుకే గంధకం కరిగించి, గింజ మీద పలచటి పొర వేశాడు, నెమ్మదిగా కరగాలని. రెండిళ్లకూ చెరో పొట్లం ఇచ్చాడు.

“నాకిచ్చిన పొట్లంల ఏముండె?” కిందికొచ్చి అతను ఎవరికో ఫోన్ చేసి పెట్టేయగానే అడిగింది కీర్తిప్రియ.

“ఉత్త యూరియా.”

“పొర ఉన్నది ఆమెకు, ఉత్తది నాకా?”

“ఫరక్ తెలియాలె గదనే! మంచిది మనింట్లనే పెట్టుకుంటే మా ఓనర్ వైకుంఠం సార్ నమ్మడు. ఇగ ఫికర్ లేదు, రేపొచ్చి చూడమని ఫోన్ గూడ చేసిన.”

మాట సబబే. బీయెస్సీ చదివిన తనకు ఆ మాత్రం తెలియదా? అయినా మనసు ఊరుకోలేదు. చెంబుతో నీళ్లు తీసుకుని, తన మొక్కను ఓదార్చడానికన్నట్టు మళ్లీ పైకెళ్లింది. రచన కుండీలో ఏ తప్పు దొరుకుతుందా అని కళ్లింత చేసుకుని వెతికింది. దొరికింది.

“ఓ సైంటిస్టు సారూ! జర పైకి రా.”

అక్షయ్ వచ్చాడు.

“నీళ్ల ట్యాంకు నీడ చూడు. నా మొక్కకు మధ్యాహ్నం దాంక ఎండ లేదు. ఆమె దానికి పొద్దంత ఎండే. పూలు నీ గంధకంతోని వచ్చినయా, ఎండతోనా?”

అక్షయ్ వంగి, కుండీ మీద పడ్డ నీడ అంచును వేలితో గీసి చూశాడు. “సార్ ముందట ఇజ్జత్ పోతుండె! నువ్వు చూసినవ్ గాబట్టి సరిపోయింది,” అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అటు పూలవైపు కన్నెత్తి కూడా చూడలేదు. కీర్తిప్రియకు ఒళ్లంతా తేలికైపోయింది.

“ఏమైందిరా?” అవతల నుంచి రచన.

“ఏం లేదు రచనా! కాయలైతే పచ్చడి చేసుకో,” అని కీర్తిప్రియ మొగుడివైపు తిరిగింది. “సార్‌కు రేపు రావద్దని చెప్పు. పొద్దుగాలనే మాదన్నపేట మార్కెట్‌కు పోయి రెండు మొక్కలు తెద్దాం. రెండూ మన మిద్దె మీదనే, ఎండలనే. ఏ పొట్లం దేంట్లేసిననో నీకు గూడ చెప్ప. గప్పుడు సార్ ఎట్ల నమ్మడో చూద్దాం.”