రేడియో బాబాయ్ కూతురు

ఆ ఊళ్ళో కాస్త వయసొచ్చిన వాళ్ళెవరికైనా పాత పాట వినిపిస్తే, పాడినవాళ్ళ గొంతుకంటే ముందు రేడియో బాబాయ్ గొంతు చెవిలో పడుతుంది. ఏళ్ళ తరబడి పొద్దుటి కార్యక్రమం ఆయనదే. పాట వేసే ముందు ఏదో ఒక ఇంటి కబురు చెప్పేవాడు. అది వింటూ జనం గడ్డాలు గీసుకునేవాళ్ళు, పిల్లలకి జడలు వేసేవాళ్ళు, బస్సు అందకపోయినా సరేనని గుమ్మంలో నిలబడిపోయేవాళ్ళు. కబురు ఏదైనా అందులో ఆయన కూతురు చిట్టి ఉండి తీరేది. చిట్టి పిల్లిని పట్టుకుని షాంపూతో స్నానం చేయించింది. చిట్టి ఇంటి తాళంచెవిని పూలకుండీలో నాటి, మొలక రాలేదని ఏడ్చింది. కబురు అయిపోగానే దానికి తగ్గ పాట పడేది. అలా ఊళ్ళో ప్రతి పాటకీ ఒక చిట్టి అతుక్కుపోయింది.

ఆ మాటలన్నీ చిట్టి వంటగది గుమ్మం దగ్గర కూర్చుని, తన గురించి తనే ఆశ్చర్యపోతూ వినేది. ఆమె ఏ పిల్లికీ స్నానం చేయించలేదు. అసలు వాళ్ళింట్లో పిల్లే లేదు.

"అమ్మా, నేనెప్పుడు చేశాను అలా?" అని అడిగేది.

"రేడియో అంటే అంతే. కల్పించి చెప్తారు," అనేది తల్లి, ఇస్త్రీ చేస్తున్న చీర మీంచి తల ఎత్తకుండా. ఆవిడ ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేది. పొద్దున్నే ఎంత హడావిడిగా ఉన్నా రేడియో పెట్టడం మాత్రం మరిచేది కాదు.

కల్పించి చెప్పినందుకు చిట్టికి బాధ లేదు సరికదా, లోలోపల గర్వంగా ఉండేది. తండ్రి వారంలో సగం రోజులు డ్యూటీ అనో, బయట రికార్డింగ్ ఉందనో ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చిన రోజు గొంతుకి విశ్రాంతి కావాలని మెడకి మఫ్లర్ చుట్టుకుని పేపర్ వెనకాల కూర్చునేవాడు. ఏదైనా అడిగితే వేలితో గొంతు చూపించి నవ్వేవాడు. తనతో మాట్లాడని మాటలన్నీ ఊరందరితో తన గురించే మాట్లాడుతున్నాడు కదా, అంతకంటే ఇష్టం ఏముంటుంది అనుకునేది ఆమె.

ఒకసారి మాత్రం చిక్కొచ్చి పడింది. చిట్టి స్టీలు గ్లాసుతో పాలు తాగుతూ మెట్లు దిగబోయి పడిందనీ, పైవరసలో ముందు పన్ను సగం విరిగిందనీ, ఇప్పుడు ఏం మాట్లాడినా ఈల వస్తోందనీ చెప్పి, బాబాయ్ ఈలతో మొదలయ్యే పాట ఒకటి వేశాడు. ఆ రోజు బడిలో పిల్లలంతా ఆమెని చుట్టేశారు. "నోరు తెరువు, చూద్దాం," అన్నారు. పళ్ళన్నీ బియ్యపు గింజల్లా చక్కగా ఉన్నాయి. నాన్న అబద్ధం చెప్పాడని ఎలా అంటుంది? "డాక్టర్ అతికించేశాడు," అంది. ఆ పూటకి గండం గడిచింది. తరవాత ఒక వారం పాటు అద్దం ముందు నిలబడి, పంటి మీద నాలుక పెట్టి ఈల వచ్చేలా మాట్లాడటం సాధన చేసింది.

చదువయ్యాక ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో చేరింది. పళ్ళ డాక్టర్ క్లినిక్‌కి పై అంతస్తులోనే ల్యాబ్. కిందినుంచి అచ్చులు వస్తే పైన పళ్ళు తయారయ్యేవి. దగ్గరలోనే ఒక గది అద్దెకి తీసుకుని ఉండేది. తండ్రి రిటైర్ అయ్యాడు. అయినా కొత్తగా చేరిన రేడియో జాకీలకి మాట నేర్పాలంటూ వారంలో కొన్ని రోజులు స్టేషన్‌కి వెళ్ళొస్తుండేవాడు. ల్యాబ్‌లో రేడియో రోజంతా మోగేది. పాత పాట వస్తే చాలు, పక్క బల్ల మీద పనిచేసే పెద్దాయన, "ఇది నువ్వు పిల్లికి స్నానం చేయించిన పాట కదమ్మా," అనేవాడు. ఆమె కూడా నవ్వేసి, "అవునండీ, గోళ్ళతో రక్కేసింది," అనేది. ఇన్నేళ్ళు ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ, ఆ పిల్లి నిజంగానే ఉండేదేమో అనిపించే దాకా వచ్చింది.

ఒక రోజు మధ్యాహ్నం డాక్టర్ గారు కిందికి పిలిచారు. ముందు పంటికి క్యాప్ వేయాలి, పక్క పళ్ళ రంగుకి సరిపోవాలి, వచ్చి చూడమన్నారు. చిట్టి నమూనా పళ్ళ పెట్టె తీసుకుని వెళ్ళింది. కుర్చీలో తన ఈడుదే ఒకావిడ, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడో అతికించిన ముక్క ఊడిపోయిందట. చిట్టి ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో నమూనా పళ్ళు ఒక్కొక్కటే పక్కన పెట్టి చూడసాగింది.

"ఎప్పుడు విరిగిందండీ?"

"చిన్నప్పుడు. పాలు తాగుతూ మెట్లు దిగాను. చేతిలో స్టీలు గ్లాసు."

"చాలామందికి అలాగే విరుగుతాయి," అంది చిట్టి. అన్నదే గానీ చెయ్యి ఆగింది. సరిగ్గా అప్పుడే బయట జనం కూర్చునే గదిలో రేడియో ఈల వేసింది.

ఆవిడ పక్కున నవ్వి మళ్ళీ నోరు మూసుకుంది. "చూశారా, పాట కూడా ఇదే రావాలా. ఇది వస్తే నాకు పాట వినిపించదండీ, మా నాన్నే వినిపిస్తారు. మీరు రేడియో బాబాయ్‌ని వినేవాళ్ళా?"

"వినేదాన్ని."

"ఆయన చెప్పే చిట్టిని నేనే. ఈ పన్ను కథ చెప్పి ఈ పాటే వేశారు. బడిలో నా పరువంతా పోయింది."

చిట్టి మొదట చిన్నగా నవ్వుకుంది. పేరున్న వాళ్ళకి చుట్టాలమని చెప్పుకునే వాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఆ నవ్వు చూసి ఆవిడకి రోషం వచ్చింది. "నమ్మరు కదా, ఎవరూ నమ్మరు," అంటూ ఫోన్ తీసి ఒక పాత ఫోటో చూపించింది. ఏదో ఇంటి వరండా. మెట్ల మీద మఫ్లర్ చుట్టుకున్న నాన్న. ఆయన ఒళ్ళో, విరిగిన పన్ను బయటపెట్టి నవ్వుతున్న ఒక పిల్ల. ఆ పిల్ల ఒళ్ళో గోధుమరంగు పిల్లి.

నాన్న నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మఫ్లర్ ఒక పక్కకి జారిపోయి ఉంది. ఆయన్ని అలా చూడటం చిట్టికి అదే మొదటిసారి.

"ఇక్కడికి వచ్చానని నాన్నకి తెలీదు లెండి," అంటోంది ఆవిడ. "ఈ క్లినిక్ వద్దు, ఇంకెక్కడికైనా వెళ్ళమన్నారు. మా ఆఫీసుకి ఇదే దగ్గర. అయిందాండీ? రంగు దొరికిందా?"

"దొరికింది," అంది చిట్టి. రంగు నంబర్ చీటీ మీద రాసి డాక్టర్‌కి ఇచ్చింది. మెట్లెక్కి పైకి వచ్చాక, కూర్చుందామనుకున్న స్టూలు ఎక్కడుందో కాసేపు కనపడలేదు.

సాయంత్రం నేరుగా తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళింది. తండ్రి వాష్‌బేసిన్ దగ్గర ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. మాట్లాడే ఉద్యోగం పోయినా గొంతు సేవ మానలేదు.

"నాన్నా, పన్ను విరిగిన చిట్టి ఎవరు?"

"ఏ పన్ను తల్లీ?" అన్నాడాయన తుడుచుకుంటూ, రేడియోలో ఊరందరినీ పిలిచిన పిలుపుతోనే.

"మా క్లినిక్‌కి వచ్చింది. ఫోటో చూపించింది."

తువ్వాలు ఆయన గడ్డం దగ్గరే ఆగిపోయింది. ఒకసారి వంటింటి వైపు చూశాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వెవరో దానికి చెప్పావా?"

"లేదు."

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. ఆ ఊపిరి చప్పుడు ఆమెకి చెంపమీద కొట్టినట్టు తగిలింది. "చెప్పకమ్మా. దానికేమీ తెలీదు. అది తట్టుకోలేదు. నువ్వంటే గట్టిదానివి," అన్నాడు.

తను గట్టిదని ఆయనకి ఎలా తెలిసిందో ఆమెకి అర్థం కాలేదు. ఎప్పుడు పరీక్షించి చూశాడు?

"ఇద్దరికీ ఒకే పేరు ఎందుకు పెట్టావు?"

ఆయన తువ్వాలు మడిచి కొక్కేనికి తగిలించాడు. జవాబు చెప్పక్కర్లేదు కూడా. ఒకే పేరైతే ఏ ఇంట్లోనూ నోరు జారదు. ముద్దుగా పిలుస్తున్నాడని ఇన్నాళ్ళూ మురిసిపోయిన పిలుపు, ఆయన జాగ్రత్త కోసం వాడుకున్న పనిముట్టు.

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?" అంది చిట్టి.

"ప్రూఫులు దిద్దేదాన్ని. అన్ని తప్పులు రోజూ చెవిలో పడుతుంటే పట్టుకోలేనా?"

"మరి రోజూ ఎందుకు పెట్టేదానివి రేడియో?"

"ఇంటికొచ్చి ఏమీ చెప్పేవారు కాదు. రేడియోలో అయితే అన్నీ చెప్పేవారు," అంది తల్లి మామూలు గొంతుతో. "అక్కడ పిల్లకి జ్వరమొచ్చిందనీ, బడిలో వేశారనీ, ఇల్లు మారారనీ నాకు అందులోనే తెలిసేది. వినకపోతే ఎలా?"

"నాతో కల్పించి చెప్తారన్నావు."

"ఏం చెప్పమంటావు? ముచ్చటపడి వింటుండేదానివి. నీ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి?"

తండ్రి మోసం ఒక ఎత్తు. ఆయన ఎలాగూ సగమే ఇంటి మనిషి. కానీ అమ్మ అన్నాళ్ళూ తన పక్కనే ఉంది. ఒకే రేడియో, ఒకే గొంతు. కూతురు తన కథ అనుకుని మురిసిపోతుంటే, ఆ మురిపెం చూస్తూ ఆవిడ సవతి ఇంటి కబుర్లు విన్నది. ఒక్కరోజు కూడా రేడియో కట్టేయలేదు. చిట్టి వెళ్ళి చెప్పులు వేసుకుంది. కాఫీ కలిపాను, తాగి వెళ్ళమంది తల్లి. ఆమె ఆగలేదు.

మర్నాడు అచ్చు పైకి వచ్చింది. తెల్లటి ప్లాస్టర్‌లో ఆవిడ పళ్ళ వరస. చిట్టి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. కింది వరసలో మధ్య పన్ను ఒకటి పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది. నాన్నకీ అంతే. నాలుకతో తడిమి చూసుకుంది, తనకీ అంతే. బడిలో ఎవరూ దాన్ని చూపించమని అడగలేదు.

ఇంకొకరికి ఇచ్చేద్దామా అనుకుంది గానీ ఇవ్వలేదు. పింగాణీ పొడి కలిపి కుంచెతో పొరలు పొరలుగా పన్ను కట్టి, కొలిమిలో కాల్చి, అరగదీసింది. మధ్యలో ఒక దుర్బుద్ధి కూడా పుట్టింది. అంచు కాస్త ఎగుడుగా వదిలేస్తే, ఆవిడ నాలుకకి బతికినన్నాళ్ళూ గుచ్చుకుంటూనే ఉంటుంది. కానీ చేతికి ఆ పని రాలేదు. అంచు నునుపుగానే తేలింది.

క్యాప్ పెట్టే రోజు డాక్టర్ గారు మళ్ళీ పిలిచారు. ఆవిడ అద్దం చేతిలో పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. "ఏది నాదో, ఏది మీరు చేసిందో నాకే తెలీడం లేదండీ," అంది. డబ్బు కట్టాక మెట్ల దగ్గర చిట్టి ఎదురైతే, చెయ్యి పట్టుకుని మరీ థాంక్స్ చెప్పింది.

చిట్టి ఆ చెయ్యి వదిలించుకోలేదు. "రేడియో బాబాయ్ మా నాన్న కూడా," అంది.

ఆవిడ ముఖం విప్పారింది. "అందరూ అదే మాటండీ. మొన్న బస్సులో ఒక పెద్దావిడ, ఆయన మా ఇంట్లో మనిషే అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్నకి చెప్తాను, సంతోషిస్తారు."

అక్కడితో ఊరుకోవచ్చు. చెప్పినట్టూ ఉంటుంది, ఆవిడకి తెలియనట్టూ ఉంటుంది. చెప్పకమ్మా అన్న నాన్న మాట నిలబెట్టినట్టూ ఉంటుంది. ఆ చివరిది గుర్తొచ్చాకే చిట్టి మళ్ళీ నోరు విప్పింది.

"అలా కాదు. నిజంగానే నాన్న. మీ ఇంట్లో లేని రోజుల్లో మా ఇంట్లో ఉంటారు. నన్నూ చిట్టి అనే పిలుస్తారు. ఆయన కింది పన్ను మీకు వచ్చినట్టే నాకూ వచ్చింది."

తన కింది పెదవి లాగి చూపించింది. ఆవిడ చూసింది. నాలుక తెలియకుండానే తన పన్ను వెతుక్కుంది. చెయ్యి మెల్లగా జారిపోయింది. కిందినుంచి ఎవరో మెట్లెక్కి వస్తే ఇద్దరూ గోడవైపు ఒదిగి దారి ఇచ్చారు.

"మీరు నాకన్నా పెద్దా?" అని అడిగింది ఆవిడ చివరికి.

"ఒక ఏడాది ఉంటుందేమో."

ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. ఏ ఇల్లు ముందో, ఏది తరవాతో లెక్క తేలింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొత్త పన్ను కనపడకుండా చున్నీ మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టికి కసి తీరినట్టు అనిపించింది. ఆ వెంటనే, ఆ పిల్ల తనకేం చేసిందని సిగ్గేసింది. రెండూ కలిసే వచ్చాయి.

నాలుగైదు రోజుల తరవాత తండ్రి ఫోన్ చేశాడు. "ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "అది నాతో మాట్లాడటం లేదు. గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపించేసింది. ఇక్కడ మీ అమ్మ వంట చేసి పెడుతుంది గానీ పలకదు. నేనేం తక్కువ చేశాను మీకు?"

"నాన్నా, ఒకటి అడుగుతాను. నా గురించి ఒక్క సంగతి చెప్పు. నేను చిన్నప్పుడు చేసింది. నేనే చేసింది."

ఆయన వాకిట్లోకి వచ్చి మాట్లాడుతున్నట్టున్నాడు, రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్ళ కార్యక్రమంలో ఆయన ఒక్క క్షణం కూడా మాట కోసం తడుముకోలేదని ఊరంతా చెప్పుకుంటారు. చిట్టి ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూసింది. చిన్నదైనా ఫర్వాలేదు అనుకుంది. చెప్పులు అటుదిటు మార్చి వేసుకున్న సంగతైనా ఫర్వాలేదు.

"ఆలోచించి చెప్తానమ్మా," అన్నాడాయన.

"సరే నాన్నా," అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆయన మళ్ళీ చేయలేదు.