ఎనభై మూడో కణం

"లెక్క ఆపి మడి కట్టుకో దేవకీ, చారు పెట్టల్ల. నీ లెక్క యాడికీ పోదులే," అన్నది అత్త అంబాబాయి.

నిజంగానే పోలేదు. చారు కాగుతున్నంతసేపూ కళ్ళముందే తిరిగింది. దేవకి భర్త గురురాజ ఆదోని కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. గాలి తీసేసిన గొట్టంలో, అయస్కాంతాల మధ్య బంధించిన యాంటీమ్యాటర్ కణాలను ఒక్క ధారగా బయటికి లాగడమెట్లా అన్నది ఆయన పీహెచ్‌డీ. గోడను తాకిందంటే కణం మాయం. బెంగళూరు కంప్యూటరుకు ఇచ్చేముందు నూరు కణాలను చేత్తో నడిపించి చూడమన్నాడు గైడు. ఆ చెయ్యి దేవకిది. తనూ ఎమ్మెస్సీ చదివిందని ఎమ్మిగనూరు ఇంట్లో ఎవరికీ గుర్తుకు రాదు. నాలుగు నెలలు క్యాలిక్యులేటరు పెట్టుకుని, ఏ క్షణాన ఏ కణం ఎక్కడుంటుందో అడుగడుగూ రాసింది. గొట్టం కొసన వోల్టేజీ దించగానే తొంభైతొమ్మిది బయటికొచ్చినాయి. ఎనభై మూడోది రాలేదు.

"యాడో తప్పు కొట్టింటావు. చారులో రెండుసార్లు ఉప్పేసేదానివి," అన్నాడు గురురాజ. "బయటికొచ్చినవాటిలో కలిపేయ్. నూటికి నూరని రాసుకుంటా."

కలపలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. అమావాస్యనాడు వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయినాయి. ఆ మధ్యాహ్నం పాత కాగితాలు బోర్లించి నాలుగోసారి మొదలుపెట్టింది. కాసేపటికి మీట నొక్కకముందే అంకె తెలిసిపోతోంది. నొక్కితే అదే అంకె. క్యాలిక్యులేటరు పక్కన పెట్టినా చెయ్యి ఆగలేదు, పేజీన్నర రాసింది. సరిచూస్తే ఒక్కటీ తప్పు లేదు.

"ఎవరితో మాట్లాడతాండావే?" గడప అవతల అంబాబాయి గొంతు.

"ఎవరితోనూ లేదత్తయ్యా."

తను మాట్లాడుతున్నట్టు దేవకికి అప్పుడే తెలిసింది. కాగితం మీదికి వంగింది. ఆ కణం తిరుగుతోంది, తీరిక లేకుండా తిరుగుతోంది. ముందుకు పోయే వేగం మాత్రం సున్నా. దారి తెరిస్తే సరిపోదు దానికి. వెనక కొసన వోల్టేజీ కాస్త పెంచి చూసింది. పదకొండో అడుగులో కదిలింది. నలభయ్యో అడుగులో గొట్టం దాటిపోయింది. ఇంట్లో ఎవరో వదిలిన ఊపిరిలాంటి చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

సాయంత్రం గురురాజ ఆ పేజీలు రెండుసార్లు చదివినాడు. "బాగుందే. ఇదే నా కొత్త పద్ధతని రాస్తా. వేళకు కాఫీ ఇచ్చినందుకు ముందుమాటలో నీ పేరు వేస్తాలే."

మరుసటి రోజు ఆయన కాలేజీకి పోయినాక, కాగితాలన్నీ సంచిలో సర్దుకుని దేవకి వాకిట్లోకి వచ్చింది.

"బెంగళూరు పోతాండాను అత్తయ్యా. ఈ లెక్క గైడుగారికి నేనే చెప్పల్ల."

"మరి వంట?"

"తెలీదు," అన్నది దేవకి. పదకొండేండ్లలో ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.